బోల్టాసురుడు-2లో నీళ్ల సీను

ఆ పొద్దున ముస్తాక్ అహ్మద్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇస్సాకు చేలో రాక్షసుణ్ణి భూమిలోంచి పైకి లేపాలి, టిఫిన్ చేయాలి, ఆ తర్వాత కంభంలో నిఖాకు వీడియో తీయడానికి పోవాలి. వీటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది టిఫిన్ ఒక్కటే.

ముస్తాక్‌కు కంభం బజారులో పెళ్లి వీడియోల దుకాణం ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో తోచక ఒక సినిమా తీసి జనం ఫోన్లలోకి వదిలాడు. దాని పేరు ‘బోల్టాసురుడు’. వేరే గ్రహం నుంచి ఊడిపడిన ఇనప రాక్షసుడు కంభం చెరువు కట్ట మీద భూలోకం వాళ్లతో కొట్లాడతాడు. రాక్షసుడి ఒంటి నిండా పాత కూలర్ రేకులు, నెత్తిన ప్రెషర్ కుక్కర్, కళ్ల చోట మోటార్ సైకిల్ ఇండికేటర్లు. లోపల ఉండేది ముస్తాక్ బామ్మర్ది షాకీర్. కూలర్ల మెకానిక్కు. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా ఆ సినిమా చూడని ఫోను లేదు. అది చూసిన ఒక గేదె వారం రోజులు పాలివ్వలేదని షాకీర్ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

సినిమా చివర రాక్షసుణ్ణి భూమిలో పాతిపెట్టి, తెర మీద ‘మళ్లీ లేస్తాడు’ అని రాశాడు ముస్తాక్. రాయడం సులువే. జనం ఊరుకోలేదు. పెళ్లిళ్లలో తలంబ్రాలు పోస్తూ పెళ్లికొడుకులు కూడా “ఎప్పుడు లేస్తాడు భాయ్?” అని అడగడం మొదలుపెట్టారు. దాంతో రెండో భాగం తప్పలేదు.

లేపడానికి ముస్తాక్ ఎంచుకున్న చోటు బోడిగుట్టపల్లెలో ఇస్సాకు చేను. ఆ ఊరి గుట్ట ఎక్కితే కంభం చెరువు తళతళా కనిపిస్తుంది. కానీ ఊళ్లో చుక్క నీళ్లుండవు. నీళ్లు చూడాలంటే గుట్ట ఎక్కాలి, తాగాలంటే ట్యాంకరు రావాలి. ట్యాంకరు వచ్చిన రోజు బిందెల మధ్య జరిగే యుద్ధం ముందు బోల్టాసురుడి కొట్లాట పసిపిల్లల ఆట. ఇస్సాకు బోరు వేయించాడు గానీ అది దుమ్ము తప్ప ఏమీ కక్కలేదు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు బిందెల యుద్ధంలో జడ పీకించుకుని ఇంటికొచ్చిన ఇస్సాకు భార్య అన్నమ్మ సంచి సర్దుకుంది.

“మన చేలో నీళ్లు పడినాకనే నేనొచ్చేది. అప్పటిదాంకా నువ్వూ నీ ఎండు బోరూ కాపరం చేసుకోండి” అని చెప్పి, కొమరోలులో ఉన్న అక్క ఎలీషబా ఇంటికి బస్సెక్కింది.

అప్పటి నుంచి ఇస్సాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తన వంట తాను తిని ఇస్సాకు ఎంత సన్నబడ్డాడంటే, చొక్కా తీగ మీద ఆరేసి ఉందో, అతను తొడుక్కుని ఉన్నాడో దూరం నుంచి తెలిసేది కాదు. సినిమా కోసం చేను అడిగినప్పుడు, “తీసుకో భాయ్, ఆ బోరు ఎవురికన్నా పనికొచ్చిందంటే అదే చాలు” అన్నాడు.

రాక్షసుణ్ణి లేపడానికి షాకీర్ చేసిన ఏర్పాటు ఇది. ఎండిపోయిన బోరు గొట్టం పక్కన మనిషి పట్టేంత గుంత తవ్వి పైన రేకు మూశాడు. దూరంగా జామాయిల్ తోట వెనక, ఊళ్లో ట్రాక్టరు తోలే జాకబ్ చేత ట్యాంకరును నిలబెట్టించి, అక్కడి నుంచి లావుపాటి పైపును మట్టిలో పూడ్చి గుంతలోకి తెచ్చాడు. దానికి, తిప్పితే నీళ్లు వదిలే గేట్‌వాల్ పెట్టి, కొసను బోరు గొట్టంలోకి తిప్పాడు. పొగ కోసం మార్కాపురం పలకల షెడ్డు నుంచి రాతిపొడి మూటలు, ఆ పొడిని ఎగజిమ్మడానికి పంక్చర్ షాపు కంప్రెసరు. ముందు భూమి గర్జిస్తుంది, తర్వాత బూడిదరంగు దుమ్ము ఆకాశానికి లేస్తుంది, ఆ తర్వాత బురద, చివరికి నీళ్లు. నీళ్ల మధ్యలోంచి బోల్టాసురుడు పైకి వస్తాడు.

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇది సినిమా సీనే. బోడిగుట్టపల్లెలో మాత్రం కాదు. ముందు గర్జన, తర్వాత దుమ్ము, తర్వాత బురద, తర్వాత నీళ్లు. బోరు పడితే వచ్చే వరస అది. ఆ ఊళ్లో మనుషులు సొంత పెళ్లిరోజు మరిచిపోతారేమో గానీ ఆ వరస మరిచిపోరు. ఈ సంగతి ముస్తాక్‌కు తట్టలేదు. అతని ఇంట్లో కుళాయి ఉంది.

“యాక్షన్!” అన్నాడు ముస్తాక్.

కంప్రెసరు గర్జించింది. దుమ్ము గుట్టంత ఎత్తు లేచింది. బోరు గొట్టం దగ్గి, బురద ఉమ్మి, చివరికి తెల్లటి నీళ్లు చిమ్మింది. అంతలో ఊరి వైపు నుంచి ఒక కేక వినబడింది. దాని వెనక ఇంకో కేక. తర్వాత ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ముసలివాళ్లు కర్రలు పారేసి పరిగెత్తారు. మంగలి దగ్గర కూర్చున్న ఒకాయన సగం గడ్డంతో వచ్చాడు. పక్క చేను పిచ్చయ్య అందరికంటే ముందున్నాడు. తన చేలో రెండు బోర్లు వేయించి రెండింటితోనూ దుమ్మే తిన్న మనిషి ఆయన.

సరిగ్గా అప్పుడే రేకు తోసుకుని, రెండు చేతులూ చాచి, “హా...!” అని అరుస్తూ బోల్టాసురుడు భూమిలోంచి లేచాడు.

పిచ్చయ్య ఒక్క అంగలో వెళ్లి రాక్షసుడి ఇనప చెయ్యి పట్టుకున్నాడు. “మేస్త్రీ! ఎన్నించులు?”

కుక్కర్ లోపల షాకీర్‌కు సగమే వినబడుతుంది. ఎవరో పైపు సైజు అడుగుతున్నారనుకున్నాడు. “మూడించులు!” అన్నాడు.

“మూడించుల నీళ్లు!” అని పిచ్చయ్య అరిచాడు. ఆ మాట జనంలో చివరికి చేరేసరికి ఐదించులయింది.

“బోరు లారీ యాడ?” అని ఎవరో అడిగారు.

“పనైపోయినాక ఈడుంటదా? పోయింటది.”

“మరి మేస్త్రీకి ఆ ఇనప గుడ్డలేంది?”

“లోతెక్కువైతే ఏసుకుంటార్లే. కొత్త రూలు.”

ముస్తాక్ కెమెరా వదిలేసి చేతులు ఊపుతూ, “అరే, సినిమా జీ ఇది! షూటింగ్!” అని మొత్తుకున్నాడు. “ఔ భాయ్, సినిమా మాదిరే ఉంది” అని ఒక ముసలమ్మ అతని చెంపలు నిమిరింది.

ఇస్సాకు నిజం చెప్పబోయాడు. నోరు కూడా తెరిచాడు. కానీ అప్పటికే పిచ్చయ్య కొమరోలుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“అన్నమ్మ చెల్లా! మీ బోరు పడిందమ్మా! అయిదించులు!”

అటు నుంచి అన్నమ్మ గొంతు వచ్చింది. “నిజమేనా అన్నా?” అంది. అని ఏడ్చింది. ఏడుస్తూనే, “ఆయనకు చెప్పు... మద్దేనం బస్సుకే వస్తా అని చెప్పు” అంది.

ఇస్సాకు తెరిచిన నోరు మూసుకున్నాడు. ఎండాకాలమంతా వినని గొంతు అది. వెళ్లి నీళ్ల కింద తల పెట్టి నిలబడ్డాడు. జనం అది సంతోషమనుకున్నారు.

జనాన్ని బిందెల కోసం ఊళ్లోకి పంపించి, ఇస్సాకు ముస్తాక్ చెయ్యి పట్టుకున్నాడు.

“భాయ్, అన్నమ్మొచ్చేదాంకా నీళ్లు ఆపొద్దు.”

“అరే ఇస్సాకన్నా, నాకు అక్కడ నిఖా ఉంది! ట్యాంకరు అయిపోవస్తా ఉంది!”

“ఒక్కసారి ఇంట్లోకి రానీ. ఒక పూట అన్నం తిననీ. ఆ పైన నిజం నేనే చెప్పుకుంటా. ఇప్పుడు నీళ్లు ఆగినాయంటే ఆమె కొమరోల్లో బస్సు కూడా ఎక్కదు.”

“నా సీను పాడైపాయె. ఆ సగం గడ్డమాయన రాక్షసుడి ముందర నిలబడినాడు.”

“రేపు మళ్లా తీసుకో. ఊరంతా నిలబెడతా. నువ్వు ఏడవమంటే ఏడుస్తారు.”

ఊరంతా నిలబెడతా అన్న మాట దగ్గర ముస్తాక్ మెత్తబడ్డాడు. మొదటి భాగంలో భూలోకం వాళ్లంటే మొత్తం ఆరుగురే. భార్య ఆఫ్రీన్‌కు ఫోన్ చేసి, “రెండో కెమెరా తీసుకొని నిఖాకు నువ్వు పో. నేను అడ్డంగా ఇరుక్కున్నా” అన్నాడు. ఆఫ్రీన్ వెళ్లింది, తీసింది. ఆ పెళ్లివాళ్లు ఇప్పుడు ఏ ఫంక్షన్‌కైనా ఆఫ్రీన్‌నే పిలుస్తున్నారు. ముస్తాక్‌ను లైటు పట్టుకోవడానికి రమ్మంటున్నారు.

గుంతలో గేట్‌వాల్ తిప్పడానికి షాకీర్ మళ్లీ లోపలికి దిగాల్సి వచ్చింది. రాక్షసుడి గుడ్డలు విప్పేద్దామంటే అవి బోల్టులతో బిగించినవి, పానా ఎక్కడో బురదలో పడిపోయింది. ఫోన్ నీళ్లలో తడిసి చచ్చిపోయింది.

“దూలాభాయ్, ఎప్పుడు తిప్పాల్నో నాకెట్ల తెలస్తది?” అని కుక్కర్‌లోంచి అడిగాడు షాకీర్. బావను వాళ్లు దూలాభాయ్ అంటారు.

“యాక్షన్ అంటే తిప్పు.”

“అట్లంటే జనానికి అనుమానమొస్తది” అన్నాడు ఇస్సాకు. “నేను స్తోత్రం అంటా. స్తోత్రం అంటే తిప్పు. ఆమెన్ అంటే కట్టెయ్. మా ఇండ్లల్లో నీళ్లు పడితే ఆ మాటలు ఎవురన్నా అంటారు. ఎవురికీ డౌటు రాదు.”

ప్లాను బాగానే ఉంది. అది ఎందుకు బాగాలేదో సాయంత్రానికి తెలిసింది.

జాకబ్ ట్రాక్టరేసుకుని చెరువుకూ చేనుకూ మధ్య తిరగడం మొదలుపెట్టాడు. బిందెలు ఒకటికి నాలుగయ్యాయి. పక్క ఊళ్ల నుంచి డ్రమ్ములతో ఆటోలొచ్చాయి. ఒకామె గేదెను తోలుకొచ్చి కడిగింది. జాకబ్ మూడో ట్రిప్పుకు పోతుంటే ముస్తాక్ వెనక నుంచి, “జల్దీ, జల్దీ!” అని అరిచాడు. తొందరగా నిండుతుందని జాకబ్ పైపు మూతికి ఉండే జల్లెడ పీకేసి చెరువులోకి దించాడు.

ఇంకో పక్క పిచ్చయ్య కూడా ఊరుకోలేదు. పక్క ఊళ్లో బోరు లారీ పని చేస్తోందని తెలిసి, మనిషిని పంపి పట్టుకొచ్చాడు. ఇస్సాకు బోరుకు ఎంత దగ్గరగా పెట్టగలడో అంత దగ్గరగా, తన గట్టు అంచునే పెట్టించాడు.

ఇస్సాకు గట్టు మీదికి పరిగెత్తుకొచ్చాడు. “అన్నా, తొందరెందుకు? రేపు చూసుకుందాం.”

“ఓహో! నీకు పడంగానే నన్ను రేపు చూసుకోమంటావా? నీ కిందుండే ఊట నా కిందకి రాదా? ఏం, ఊటకు నీ ఆధార్ కార్డుందా?”

“అది గాదన్నా, ఒకవేళ పడకపోతే...”

“పడేదాంకా దించుతా. ఈసారి మధ్యలో ఆపేదే ల్యా” అన్నాడు పిచ్చయ్య.

లారీవాళ్లు తమిళులు. చెవుల్లో దూది కుక్కుకుని పని మొదలుపెట్టారు. దాని మోత ముందు పంక్చర్ షాపు కంప్రెసరు పిల్లి కూతలా అనిపించింది.

అన్నమ్మ మధ్యాహ్నం బస్సుకు దిగింది. వెంట అక్క ఎలీషబా, చేతిలో సంచి, సంచిలో వెళ్లేటప్పుడు తీసుకెళ్లినవన్నీ ఉన్నాయి. ఇస్సాకు ఎదురెళ్లాడు.

“సగమైపోయినావేంది?” అంది అన్నమ్మ.

“నువ్వు లావైనావు” అన్నాడు ఇస్సాకు, ప్రేమగానే.

“చూసినావా అక్కా, వచ్చీ రాంగానే!”

ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టి మెల్లగా నిజం చెబుదామని ఇస్సాకు ఉద్దేశం. కానీ చేలో అప్పటికే జంపఖానాలు పరిచారు. పిచ్చయ్య చెప్పగా పాస్టరు వెస్లీ అయ్యగారు కృతజ్ఞత కూడికకు మైకుతో సహా వచ్చేశారు. ఆ ఊళ్లో ఎవరికి మేలు జరిగినా, జరిగిన చోటనే కూర్చుని ప్రార్థన చేసి టీ తాగడం ఆనవాయితీ. అన్నమ్మను ముందు వరసలో, సరిగ్గా బోరు గొట్టం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

అయ్యగారు లారీ మోతను మించేలా మైకు పెంచి, గొంతు సవరించుకున్నారు. “ఈ ఎండిన భూమిలో మన సహోదరుడు ఇస్సాకుకు జలము దయచేసిన దేవునికి స్తోత్రం!”

బోరు గొట్టంలోంచి భళ్లున నీళ్లు లేచాయి.

జనం కళ్లు తిప్పలేదు. “ఆమెన్!” అన్నారు ఒక్క గొంతుతో.

నీళ్లు ఆగిపోయాయి.

అయ్యగారు ఒకసారి బోరు వైపు చూశారు, ఒకసారి మైకు వైపు చూశారు. మెల్లగా, పరీక్షించినట్టు, “స్తోత్రం” అన్నారు. నీళ్లు లేచాయి. వెనక వరసలో ఒక తాత, “ఆమెన్” అని అరిచాడు. ఆగాయి. ముసలమ్మ ఒకామె “స్తోత్రం” అంది, ఆమె కోడలు పోటీగా “ఆమెన్” అంది. ఇద్దరికీ ఇంట్లో పడదు. అక్కడ కూడా ఆపలేదు. గుంతలో షాకీర్‌కు మనుషులు కనబడరు, మాటలే వినబడతాయి. రాక్షసుడి చేతులతో గేట్‌వాల్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, ఇటు తిప్పి అటు తిప్పి, రేకుల్లో ఉడికిపోయాడు. ఆ సాయంత్రం ఆ ఊళ్లో ఉన్నంత గట్టి భక్తి అంతకుముందు ఎన్నడూ లేదని అయ్యగారు తర్వాత చాలామందికి చెప్పారు.

ముస్తాక్ కెమెరా ఆపలేదు. ఇంత జనం, ఇన్ని ముఖాలు, ఇంత ఆశ్చర్యం. డబ్బిచ్చినా దొరకవు. వెనక పిచ్చయ్య లారీ లేపుతున్న దుమ్ము కూడా ఫ్రేములోకి వస్తోంది. అతను కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ముకో, ఆనందానికో అతనికే తెలియదు.

“స్తోత్రం!” అన్నారు అయ్యగారు చివరిసారిగా, రెండు చేతులూ ఎత్తి.

నీళ్లు లేచాయి. నీళ్లతో పాటు తళుక్కున ఒకటి పైకి ఎగిరి, ఎండలో ఒక్క పల్టీ కొట్టి, అన్నమ్మ ఒళ్లో పడింది. అది జెల్లపిల్ల. బతికే ఉంది. మీసాలు ఆడిస్తోంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

“అయ్యగారూ,” అంది అన్నమ్మ చేపను పట్టుకుని, “బోర్లో చేపలుంటాయా?”

అయ్యగారు బాగా ఆలోచించారు. “ఉండకూడదని వాక్యంలో ఎక్కడా లేదమ్మా” అన్నారు.

అన్నమ్మ పుట్టిల్లు కంభం చెరువు పక్కనే. చేపను తిప్పి చూసింది, వాసన చూసింది. “దీన్ని నేనెరుగుదును. ఇది మా పుట్టింటి చేప” అంది. లేచి నిలబడి చుట్టూ చూసింది. జామాయిల్ తోట దాకా మట్టిలో పైపు పూడ్చిన గీత కనబడింది. తోట వెనక ట్రాక్టరు మీద జాకబ్ టీ తాగుతూ కనబడ్డాడు. జాకబ్ మర్యాద తెలిసినవాడు. గ్లాసు పైకెత్తి, “బాగుండావా అక్కా?” అన్నాడు.

అన్నమ్మ ఇస్సాకు వైపు తిరిగింది. చేపను అతని ముందుకు చాపింది.

“సినిమా నీళ్లే అన్నమ్మా అయి” అన్నాడు ఇస్సాకు. జనం అంతా వింటున్నారని కూడా చూడలేదు. “పొద్దున్నే చెబుదామనుకున్నా. ఫోన్లో నువ్వు ఏడిస్తివి. ఎండాకాలమంతా నీ గొంతే వినలా నేను. అది విన్నాక నీళ్లు ల్యావని చెప్పడానికి నోరు రాలేదు. నువ్వొచ్చి ఒక పూట ఇంట్లో ఉంటే చాలనుకున్నా. అబద్ధమే. తప్పే.”

జనంలో గోల లేచింది. “మా బిందెల్లో పోసింది చెరువు నీళ్లా?” అని ఒకరు, “అందుకేనా అంత తియ్యగుండేది?” అని ఇంకొకరు. గేదెను కడిగినామె మాత్రం తనకేమీ నష్టం లేదంది.

అన్నమ్మ చేపను బిందెలో వేసింది. కుర్చీ పక్కనున్న సంచి తీసుకుంది. “అక్కా, కొమరోలు బస్సు మళ్లా ఎప్పుడుంది?”

ఇస్సాకు అడ్డం రాలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటంలో చొక్కా ఇంకా వదులైనట్టు కనబడింది.

ఈ మాటలన్నీ పిచ్చయ్య చెవిన పడ్డాయి. సినిమా నీళ్లు. అంటే ఇస్సాకు కింద ఊట లేదు. అంటే తన కింద కూడా లేదు. అక్కడ లారీ ఒకదాని మీద ఒకటి రాడ్లు దించుతూనే ఉంది. ఆ ఊళ్లో ఎవరూ అంత లోతుకు పోయిన పాపాన పోలేదు.

“ఆపండి! ఓయ్, ఆపండి!” అని పంచె ఎగ్గట్టుకుని గట్టు మీదుగా పరిగెత్తాడు. లారీవాళ్ల చెవుల్లో దూది ఉంది. దుమ్ములో మనిషి కనబడడు. కనబడిన కొద్దిసేపు, ఊరి పెద్ద ఎవరో ఉత్సాహం పట్టలేక గంతులేస్తున్నాడనుకుని, మేస్త్రీ నవ్వి ఇంకో రాడ్డు దించాడు. పిచ్చయ్య దుమ్ములో తడుముకుంటూ వెళ్లి మేస్త్రీ కాలు పట్టుకునేసరికి అది కూడా సగం దిగిపోయింది.

అప్పుడు మోత మారింది.

ఆ మార్పు ఏమిటో బోడిగుట్టపల్లెలో ఎవరికీ చెప్పనవసరం లేదు. తిడుతున్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. సంచి పట్టుకున్న అన్నమ్మ ఆగిపోయింది. దుమ్ము నల్లబడింది, తడిబడింది, బురదయింది. ఆ తర్వాత తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచాయి. నిజం నీళ్లు. చల్లటివి. అవి జంపఖానాల మీద, మైకు మీద, అయ్యగారి మీద, లారీ కింద మేస్త్రీ కాలు పట్టుకుని కూర్చున్న పిచ్చయ్య మీద వానలా పడ్డాయి.

గుంతలో ఉన్న షాకీర్‌కు ఇవేమీ తెలియవు. భూమి అదిరింది, పైన రేకు మోగింది, చుట్టూ బురద కారుతోంది. తాను తిప్పిన గేట్‌వాల్ వల్లే భూమి పగిలిందనుకున్నాడు. “యా అల్లా!” అని కేక పెట్టి, రేకును ఆకాశంలోకి విసిరి, దుమ్మూ నీళ్లూ కలిసిన ఆ హోరులో, ఇండికేటర్లు రెండూ వెలుగుతుండగా భూమిలోంచి లేచాడు. ఎంత నటించినా అంత బాగా లేవలేడు.

“కట్!” అన్నాడు ముస్తాక్ ఏడుస్తూ. “కట్! అయిపోయింది! మాషా అల్లా, అయిపోయింది!”

ఆరున్నర ఇంచుల నీళ్లని ఆ రాత్రే కంభం దాకా పాకింది. నిజానికి నాలుగు. నాలుగైనా ఆ గుట్ట కింద ఎవరూ చూడనిది.

పిచ్చయ్య నీళ్లలో తడుస్తూ అందరితో చేతులు కలుపుతున్నాడు. అన్నమ్మ సంచి పట్టుకునే ఆయన దగ్గరికి వెళ్లింది.

“అన్నా, ఈ బోరు ఎందుకేసినావు?”

“ఇస్సాకుకు పడినాయని ఏసినా.”

“పడినాయా?”

“యాడ పడినాయి? పడలా గదా!”

“మరి ఆ అబద్ధం ఎవురిది?”

“మీదే.”

“మా అబద్ధంతోనే గదన్నా నీకు నిజం పడింది. మా వాకిట్లోకి ఒక పైపు ఏయి.”

“అదేం లెక్కమ్మా! లారీ నాది, గట్టు నాది...”

“ఆ కడపటి రాడ్డు ఎవురిది? ఆపండి ఆపండి అని నువ్వు ఉరికింది ఊరంతా చూసింది. ఆ తమిళాయన నీ మాట వినింటే ఇప్పుడు నువ్వు దుమ్ము తుడుచుకుంటా ఉండేటోడివి. భాయ్ కెమెరాలో కూడా పడి ఉంటది. చూపించమంటావా?”

పిచ్చయ్య ముస్తాక్ వైపు చూశాడు. ముస్తాక్ కెమెరా నిమిరాడు.

“తాగేదానికి మాత్రమేనమ్మా,” అన్నాడు పిచ్చయ్య, “చేనుకు గాదు.”

“తాగేదానికి, వండేదానికి, పోసుకునేదానికి” అంది అన్నమ్మ. “చేను సంగతి వచ్చే ఏడు మాట్లాడుకుందాం.”

“స్తోత్రం!” అన్నారు అయ్యగారు, తగువు తీరిన సంతోషంతో. అలవాటు కొద్దీ అందరూ ఇస్సాకు బోరు వైపు చూశారు. అందులోంచి ఏమీ రాలేదు. షాకీర్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు, నలుగురు కలిసి అతని కుక్కర్ పీకుతున్నారు.

అన్నమ్మ సంచిని ఇస్సాకు చేతికిచ్చింది. “పట్టుకో. చెయ్యి నొస్తా ఉంది.” ఇస్సాకు పట్టుకున్నాడు. ఇంటి గుమ్మం దగ్గర అన్నమ్మ, “ఇంగొకసారి అబద్ధం చెప్పాలనుకుంటే పైపుకు జల్లెడ పెట్టించు” అంది.

సినిమా ఆ నెల్లోనే ఫోన్లలోకి వచ్చింది. ఇస్సాకు వాకిట్లో కొత్త కుళాయి పక్కన ఊరంతా చేరి ఒక్క ఫోన్‌లో చూశారు. బయటి ఊళ్లవాళ్లు కూలర్ రేకుల రాక్షసుణ్ణి నమ్మారు, వేరే గ్రహం నుంచి పడిందని చెప్పిన జెల్లపిల్లను నమ్మారు. కింద మొదటి కామెంటు గిద్దలూరు నుంచి ఎవరో పెట్టారు. ‘రాక్షసుడు సూపర్, చేప సూపర్. చివర్లో ఆ నీళ్లు మాత్రం గ్రాఫిక్స్ అని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది బ్రో.’

అన్నమ్మ ఆ కామెంటుకు ఒక లైకు కొట్టి, బిందె నిండిందని కుళాయి కట్టేసింది.